ఉప్పు మోసినోళ్ల మీద దొంగ ముద్ర ఎట్ల పడ్డది?

(ఆగస్టు 31, విముక్త జాతుల దినం నాడు హైదరాబాద్ పాతబస్తీలో యువతతో మాట్లాడిన ప్రసంగం పాఠం. టైం చాలక ఆ రోజు వదిలేసిన ఒకటి రెండు సంగతులు ఇక్కడ కలిపిన.)

 

ఇది చదువుతున్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఒక పని చెయ్యండి. మీ ఇంట్ల, మీ కాలేజీల, మీ ఫ్రెండ్స్ నోట రోజూ వినే తిట్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గొప్పలు చెప్పేటోన్ని చూసి "పిట్టల దొర లెక్క మాట్లాడుతున్నడు" అంటరు. ప్రతిదానికీ తలూపేటోన్ని "గంగిరెద్దు" అంటరు. గొంతు పెంచిన ఆడమనిషిని "దొమ్మరి దాని లెక్క" అంటరు. మాసిన బట్టలేసుకున్న పిల్లగాన్ని "ఎరుకలోని లెక్క ఉన్నవేందిరా" అంటరు. ఇవి ఉత్త మాటలు కావు. ఒక్కొక్కటి ఒక్కో జాతి పేరు, ఒక్కో వృత్తి పేరు. తెలుగు భాషల తిట్ల లిస్టు రాస్తే అందుల సగం సంచార జాతుల హాజరు పట్టీనే ఉంటది.

నేను ఎరుకల బిడ్డను. మా పేరులనే ఎరుక ఉన్నది. ఎరుక అంటే తెలివిడి, తెలిసి ఉండుడు. మా అవ్వలు చేతిల కర్ర, చంకల బుట్ట పట్టుకొని ఊరూరు తిరిగి ఎరుక చెప్పేటోళ్లు. తెలివిడి అనే అర్థం ఉన్న పేరు తిట్టు ఎట్ల అయింది? ఆ ప్రశ్న మీదనే ఈ మాటలన్నీ.

ఊరికి వచ్చిపోయేటోళ్లు

మన పుస్తకాలల్ల ఊరు అంటే రైతు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి అని చెప్తరు. ఊర్లో ఇల్లున్నోళ్లనే లెక్క పెడ్తరు. కానీ ఊరు వాళ్లతోని మాత్రమే నడవలేదు. ఏడాదిల ఇన్ని రోజులకు ఒకసారి వచ్చి, పని చేసి, పోయేటోళ్లు ఇంకో సగం ఉండె.

వడ్డెరోళ్లు వస్తే బావి తవ్వకం, రాయి కొట్టుడు. పూసలోళ్లు వస్తే సూదులు, దారాలు, దువ్వెనలు, పూసలు, పిల్లల మొలతాళ్లు. గంగిరెద్దులోళ్లు వస్తే సంక్రాంతి వచ్చినట్టు. దొమ్మరోళ్లు గడ ఎక్కితే ఊరంతా మెడలెత్తి చూసేది. పిచ్చకుంట్లోళ్లు గొల్లల వంశం కథ చెప్తే, డక్కలోళ్లు కిన్నెర పట్టుకొని మాదిగల జాంబపురాణం చెప్పేటోళ్లు. రాతల లేని చరిత్ర వాళ్ల గొంతులల్ల ఉండె. ఒక కులం పుట్టు పూర్వోత్తరాలు ఆ కులపోళ్ల దగ్గర కాదు, ఊరూరు తిరిగేటోళ్ల దగ్గర భద్రంగ ఉండెనంటే, ఊరు వాళ్లను ఎంత నమ్మిందో అర్థం చేసుకోండి.

ఇగ మా ఎరుకలోళ్లల్ల ఎన్ని పనులుండెనో మా శాఖల పేర్లే చెప్తయి. ఉప్పు ఎరుకలోళ్లు ఉప్పు మోసిన్రు. దబ్బ ఎరుకలోళ్లు వెదురు దబ్బలు చీల్చి గంపలు, చాటలు, కోళ్ల గూళ్లు అల్లిన్రు. కరివేపాకు ఎరుకలోళ్లు కరివేపాకు అమ్మిన్రు. కుంచపూరి ఎరుకలోళ్లు సాలెలకు కుంచెలు కట్టిచ్చిన్రు. ఆ కుంచె లేకుంటే పడుగుకు గంజి పట్టదు, గంజి పట్టకుంటే మగ్గం నడవదు. అంటే పోచంపల్లి చీర గురించి మాట్లాడేటప్పుడు ఆ కుంచె కట్టిన చెయ్యి కూడా గుర్తుకు రావాలె. పరికముగ్గుల ఎరుకలోళ్లు ఎరుక చెప్పిన్రు. ఏ కులం ఆడామె అయినా తన ఇంట్ల చెప్పుకోలేని బాధ ఆ ఎరుకలామె ముందు చెప్పుకునేది. ఆమె రేపు ఊర్ల ఉండదు గనుక రహస్యం ఊర్ల తిరగదు.

తిరుగుడు అనేది అలవాటు కాదు, లెక్క. ఒక ఊరికి ఏడాదికి ఎన్ని చాటలు కావాలె? ఇంటికి ఒకటో రెండో. ఊర్ల కూసుంటే చాటలోడు నెల తిరగకముందే పస్తులుంటడు. గిరాకీ చిన్నదిగా, దూరం దూరంగ ఉన్నప్పుడు మనిషే గిరాకీ దగ్గరికి పోవాలె. సంచారం వెనుక ఉన్నది ఈ అర్థశాస్త్రం. "వీళ్లకు ఒక్క కాడ నిలకడ లేదు" అనేటోళ్లకు ఈ ఒక్క ముచ్చట చెప్పండి చాలు.

ఈ నగరం తిన్న అన్నం ఎవరు మోసిన్రు?

మనం కూసున్న ఈ పాతబస్తీకే వద్దాం. చార్మినార్ కట్టింది 1591ల. అప్పుడు లారీ లేదు, రైలు లేదు. గోల్కొండకు, హైదరాబాద్‌కు బియ్యం, పప్పులు, ఉప్పు ఎట్ల వచ్చినయి? ఎద్దుల మీద వచ్చినయి. ఆ ఎద్దులు తోలింది లంబాడీలు.

17వ శతాబ్దంల టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గోల్కొండ దాకా వచ్చిపోయిండు. పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఎదురొస్తే ఇరుకు దారులల్ల అది దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదని రాసిండు. వాళ్లల్ల నాలుగు తెగలున్నయని, ఒకరు ధాన్యం, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మాత్రమే మోస్తరని కూడా రాసిండు. ఇయ్యాల దీన్ని సప్లై చైన్ అని ఎంబీఏల చెప్తున్నరు.

ఇంకో కథ ఉన్నది. 1630 ప్రాంతంల మొగల్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కన్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే ఇద్దరు నాయకులు లక్షా ఎనభై వేల ఎద్దులతోని సైన్యానికి తిండి మోసిన్రని, అందుకు వాళ్లకు రాగి రేకు మీద బంగారు అక్షరాలతోని హక్కులు రాసిచ్చిన్రని లంబాడీలు తరతరాలుగ చెప్పుకుంటరు. ఎక్కడైనా కుండల నీళ్లు తాగొచ్చు, కప్పు మీది గడ్డి ఎద్దులకు వేసుకోవచ్చు అనే హక్కులు అవి. ఎద్దుల లెక్క పెద్దదా చిన్నదా అనే వాదన ఉండనీయండి. నాకు ముఖ్యమనిపించేది అందుల అడిగిన హక్కులు ఏందనేది. భూమి అడగలేదు, కోట అడగలేదు. నీళ్లు, గడ్డి, దారి. సంచార జాతి రాజ్యాంగం రాసుకుంటే మొదటి మూడు ఆర్టికల్స్ ఇవే ఉంటయి.

ఈ దేశంల యుద్ధాలన్నీ ఆ ఎద్దుల మీదనే నడిచినయి. 1799ల శ్రీరంగపట్నం మీదికి పోయిన ఇంగ్లీషోళ్ల, నిజాం సైన్యాలకు కూడా ధాన్యం మోసింది బంజారాలే. కడుపు నింపినప్పుడు వాళ్లు "నమ్మకమైన బ్రింజారీలు". యుద్ధాలు అయిపోయినయి. 1874ల వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఎద్దుల అవసరం తీరింది. తర్వాత అవే కలాలు అదే జాతిని నేరస్త జాతి అని రాసినయి.

ఇయ్యాల హైదరాబాద్‌ల బాగా ఖరీదైన ఏరియాలల్ల ఒకదాని పేరు బంజారాహిల్స్. గుట్టల మీద తండాలు ఉండె గనుక ఆ పేరు. పేరు మిగిలింది, తండా మిగలలేదు. ఇప్పుడు తండా నుంచి వచ్చిన అక్క ఆ గుట్ట మీద ఇల్లు కట్టేకాడ ఇటుకలు మోస్తున్నది.

మన పేజీ చదివే వాళ్లల్ల గోండు, కోయ, కొలాం తమ్ముళ్లున్నరు, లంబాడీ తమ్ముళ్లున్నరు. 2017 నుంచి రిజర్వేషన్ మీద నడుస్తున్న పంచాయితీ మీకు తెల్వంది కాదు. వాటా గురించి అడిగే హక్కు ప్రతి జాతికి ఉన్నది, అది చట్టం ముందు, లెక్కల ముందు తేలాలె. కానీ ఆ కోపంల "వలస దొంగలు" లాంటి మాట ఎవరి నోట వచ్చినా, అది 1871ల తెల్లోడు రాసిన మాట అని గుర్తు పెట్టుకోండి. వాడి రాత మన నోట పలకొద్దు.

ముందు వృత్తి పోయింది, తర్వాత ముద్ర పడ్డది

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉప్పు మోసినోళ్లు దొంగలు ఎట్ల అయిన్రు?

చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు ప్రెసిడెన్సీల మా ఎరుకల, కొరవ జాతి మీద చేసిన పరిశోధన ఈ వరుసను బాగా చూపెట్టింది. మావోళ్లు సముద్రం దగ్గర ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊర్లకు తీసుకపోయి, బదులుగా ధాన్యం తీసుకునేటోళ్లు. తొవ్వల గంపలు, చాటలు అమ్మేటోళ్లు. ఇంగ్లీషోళ్లు ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టిన్రు. రైలు వచ్చినంక ఉప్పు బస్తాలు నేరుగ టౌన్ డిపోలకు పోయినయి. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు వచ్చి పశువులు చచ్చినయి. మోసే జంతువు చచ్చినంక మోసే వ్యాపారం ఏడికెళ్లి ఉంటది? 1882ల మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురు కొడితే నేరం, ఆకు తెంపితే నేరం, పశువులు మేపితే నేరం. అటు ఉప్పు పోయింది, ఇటు గంప పోయింది.

మీరు వరుస చూడండి. నేరస్త జాతుల చట్టం ఉత్తరాదిల 1871ల వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది 1911ల. అంటే బతుకుదెరువులు కూలిపోయినంక చట్టం వచ్చింది. తిండి గుంజుకొని, తర్వాత ఆకలిని నేరమన్నరు. అదీ ఒక మనిషి చేసిన నేరం కాదు. పుట్టుకతోనే నేరం. కడుపుల ఉన్న బిడ్డ కూడా రేపు రిజిస్టర్ల ఎక్కాల్సిన పేరే.

రిజిస్టర్ అయినోళ్లు వేలిముద్రలు ఇయ్యాలె. రాత్రిపూట హాజరు చెప్పాలె. ఊరు దాటాల్నంటే పాసు కావాలె. ఇప్పుడు ఆలోచించండి, తిరిగితేనే బతుకు ఉన్న జాతికి తిరుగుడే నేరమైతే ఏం మిగిలింది? గంప అల్లొచ్చు, కానీ అమ్మనీకి పోవద్దు.

బాపట్ల, చీరాల మధ్యల స్టువర్టుపురం ఉన్నది. మద్రాసు గవర్నర్ కౌన్సిల్ మెంబర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద, సాల్వేషన్ ఆర్మీ చేతుల పెట్టిన సెటిల్‌మెంట్ అది. మనుషులను బాగు చేస్తమని చెప్పిన్రు. ఆచరణల ఏమైంది? సెటిల్‌మెంట్ జనం చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు అయిన్రు. ఊరు దాటి పోనీకి లేని కూలి, కూలి పెంచమని అడగనీకి లేని కూలి ఏ యజమానికి చేదు? తర్వాత మన తెలుగు సినిమా ఆ ఊరి పేరును దొంగల అడ్రస్ చేసుకున్నది. 1991ల ఒక సినిమా పేరే "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్". ఆ ఊరి పిల్లలు ఇంటర్వ్యూకు పోయి అడ్రస్ చెప్పేటప్పుడు ఎదుటోని ముఖం ఎట్ల మారుతదో థియేటర్ల ఈల వేసినోళ్లకు తెల్వదు.

హేమలతా లవణం గారు 1970ల నుంచి ఆ ఊర్లె పని చేసిన్రు. మనుషుల దగ్గరికి మనుషుల్లెక్క పోతే ఏమైతదో ఆమె చూపెట్టింది. అది కూడా చెప్పుకోవాలె.

ఐర్లండుల కూడా ఇదే కథ

ఇది మన దేశం ముచ్చటే అనుకోకండి. ఐర్లండుల ట్రావెలర్స్ అని ఒక జాతి ఉన్నది. తెల్లోళ్లే, క్రైస్తవులే, ఐరిష్ వాళ్లే. అయినా ఊరి అంచుకే ఉన్నరు. వాళ్లకు తమదైన భాష ఉన్నది. మాకు ఎరుకల భాష ఉన్నట్టే. మగోళ్లు రేకు పని చేసేటోళ్లు. పాల డబ్బాలు, బకెట్లు, గిన్నెలు తయారు చేసి, చిల్లులు పడ్డవాటికి మాట్లు వేసేటోళ్లు. గుర్రాల బేరం చేసేటోళ్లు. ఆడోళ్లు ఇంటింటికి పోయి చిన్న చిన్న సామాన్లు అమ్మి గుడ్లు, పిండి, ఆలుగడ్డ తీసుకునేటోళ్లు. జాతకం కూడా చెప్పేటోళ్లు. మా అవ్వకు ఈ ముచ్చట చెప్తే "అరె, ఆళ్లు మనోళ్లే గదా" అన్నది.

ప్లాస్టిక్ బకెట్ వచ్చింది. ట్రాక్టర్ వచ్చింది. రేకు పని, గుర్రం బేరం రెండూ పోయినయి. ఐర్లండ్ సర్కారు వేసిన కమిషన్ 1963ల ఇచ్చిన రిపోర్టుల "సంచారం" అనేదాన్ని ఒక సమస్య అన్నది. వాళ్లను మామూలు జనంల కలిపేసుడే పరిష్కారం అన్నది. ఆ కమిషన్‌ల ఒక్క ట్రావెలర్ కూడా లేడు. 2002ల చట్టం తెచ్చి, అనుమతి లేని జాగల బండి ఆపితే నేరం అన్నరు. కొట్లాడి కొట్లాడి, 2017 మార్చి 1 నాడు వాళ్లను ప్రత్యేక జాతిగా ఆ దేశం గుర్తించింది. వాళ్లను పిలిచే "టింకర్" అనే మాట రేకు మీద సుత్తె చప్పుడు నుంచి వచ్చిందని అంటరు. పని పేరు తిట్టు అయింది. మన దొమ్మరి, మన పిట్టల దొర లెక్కనే.

ఎందుకు చెప్తున్న? రంగు తేడా లేకున్నా, మతం తేడా లేకున్నా, తిరిగేటోని మీద అనుమానం అట్లనే ఉన్నది. స్థిరంగ ఉన్నోడే మనిషి అనే నమ్మకం దీని వేరు. సర్కారుకు పన్ను వసూలు చేయాల్నంటే, లెక్క రాయాల్నంటే, మనిషి ఒక్క కాడ ఉండాలె. లెక్కకు అందనోడు నేరస్తుడు.

పాతబస్తీ గల్లీలల్ల మిగిలింది

నేను డిగ్రీ ఈ పాతబస్తీల ఒక కాలేజీల చదివిన. మూడేండ్లు ఈ గల్లీలల్ల తిరిగిన. ఇక్కడ ఆ పాత వృత్తుల చివరి ముక్కలు ఇంకా కనిపిస్తయి.

కళాయి వేసేటోన్ని మీరు చూసిన్రా? పెండ్లిళ్లల్ల బిర్యానీ వండే రాగి డేగుల లోపల తగరం పూత ఉండాలె. పూత పోతే రాగికి చిలుము పడ్తది, పుల్లటి కూర విషమైతది. ఆయన బొగ్గుల మంట పెట్టి గాలి కొడ్తడు. డేగును తోమి, కాల్చి, వేడెక్కినంక నవాసాగరం పొడి చల్లుతడు. తెల్లటి పొగ లేస్తది. తగరం ముక్క తాకించి, దూదితోని గిర్రున తిప్పుతడు. ఒక్క నిమిషంల నల్లటి గిన్నె లోపల వెన్నెల పడ్డట్టు అయితది. తర్వాత నీళ్లల్ల ముంచుతడు. మంట ఎక్కువైతే తగరం మాడ్తది, తక్కువైతే అంటదు. ఆ నిమిషం పట్టుకునేదే విద్య. ఐర్లండుల రేకు పనోని చేతిల, పాతబస్తీల కళాయి వేసేటోని చేతిల ఉన్నది అదే తగరం. స్టీలు, అల్యూమినియం వచ్చి అక్కడా ఇక్కడా ఆ పనిని తిన్నయి.

దూది ఏకేటోని వింటి తీగ చప్పుడు, కత్తులు సాన పట్టేటోని సైకిల్ చక్రం, జుమ్మెరాత్ బజార్‌ల పాత సామాను పరుచుకొని కూసున్నోళ్లు, ట్రాఫిక్ సిగ్నల్ కాడ గంగిరెద్దు. ఇవన్నీ ఒక పెద్ద వ్యవస్థ కూలితే మిగిలిన గోడలు. పువ్వుల గంప జాగల ప్లాస్టిక్ క్రేట్ వచ్చింది. చాట జాగల ప్లాస్టిక్ చాట వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చిన్రు. రెండేండ్లు దాటినంక ఆయన కూలి పనికి పోతున్న ఫోటోలు పేపర్లల్ల వచ్చినయి. పతకం ఇచ్చుడు సులువు. బతుకుదెరువు ఇచ్చుడు కష్టం.

ఇంకో మాట కూడా పాతబస్తీ గురించి చెప్పాలె. అర్ధరాత్రి పోలీసులు గల్లీ చుట్టుముట్టి, ఇంటింటికి దిగి, బండి కాగితాలు అడిగి, అనుమానితులని తీసుకపోయే కార్డన్ సెర్చ్ ఇక్కడి ముస్లిం పేదలకు కొత్త కాదు. పుట్టిన ఇంటిని బట్టి, ఉన్న గల్లీని బట్టి అనుమానించుడు ఏందో ఈ బస్తీకి మేము చెప్పాల్సిన పని లేదు. మా డేరాలకు, మీ గల్లీలకు మధ్యల దోస్తాన్ ఉండాల్సింది అందుకే.

ఒక ఫార్వర్డ్ ఎంత దూరం పోతది

2018 మే నెల గుర్తున్నదా? "పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకపోతున్నరు, గొంతులు కోస్తున్నరు" అని వాట్సాప్‌ల మెసేజ్‌లు. రెండు తెలుగు రాష్ట్రాలల్ల ఊర్లు కర్రలు పట్టుకొని రాత్రంతా కాపలా కాసినయి. మే 26 రాత్రి, ఇక్కడికి దగ్గర్ల ఉన్న చాంద్రాయణగుట్టల, పాలమూరు నుంచి అడుక్కోనీకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ అక్కలను గుంపు చుట్టుముట్టింది. కొట్టింది. ఒకామె చచ్చిపోయింది. నెల దాటిందో లేదో, జూలై 1 నాడు మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడల ఐదుగురిని కొట్టి చంపిన్రు. నాథపంథీ డవరీ గోసావీ అనే సంచార జాతోళ్లు. భిక్షాటనకు సంతకు వచ్చినోళ్లు.

పార్ధీ అంటే గ్యాంగ్ కాదు, ఒక జాతి. వేట మీద బతికిన జాతి. వేట చట్టంతోని బంద్ అయినంక దిక్కు లేనోళ్లు అయిన జాతి. "రెడ్డి గ్యాంగ్ దిగింది", "శర్మ గ్యాంగ్ దిగింది" అని ఎప్పుడైనా పేపర్ల చదివిన్రా? బ్యాంకులు ముంచి విమానం ఎక్కినోళ్ల కులం పేరుతోని గ్యాంగ్ ఉన్నదా? ఒక పార్ధీ మనిషి దొంగతనం చేస్తే జాతి మొత్తం హెడ్‌లైన్ అయితది. 1871 చట్టం పుస్తకాలల్ల రద్దయింది, హెడ్‌లైన్లల్ల కాలేదు.

నాకు కూడా తెలుసు ఇది. ఇంటర్ల ఒక హాస్టల్‌ల ఉన్నప్పుడు ఎవరిదో ఫోన్ పోతే, వంద మందిల మొదట నా పెట్టెనే తీసి చూసిన్రు. నా సర్టిఫికెట్ల జాతి పేరు చదివిన తర్వాతనే చూసిన్రు. ఫోన్ ఇంకో కాడ దొరికింది. సారీ ఎవరూ చెప్పలేదు. ఇట్లాంటిది మా ఇండ్లల్ల ఒక్కొక్కరికి ఒక్కోటి ఉంటది, అందుకే ఎక్కువ సాగదీస్తలేను.

చట్టం ఎక్కడ ఉన్నది, మనం ఎక్కడ ఉన్నం

1952 ఆగస్టు 31 నాడు నేరస్త జాతుల చట్టం పోయింది. దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఐదేండ్లకు మాకు వచ్చింది. ఆ జాగల అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చినయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 1962ల వచ్చింది. జాతి పేరు తీసేసిన్రు, చూపు అట్లనే ఉంచిన్రు. 2024 అక్టోబర్ 3 నాడు సుప్రీంకోర్టు, జర్నలిస్ట్ సుకన్య శాంత వేసిన కేసుల, జైళ్లల్ల కులాన్ని బట్టి పనులు పంచే రూల్స్ కొట్టేసింది. విముక్త జాతులను పుట్టుకతోని నేరస్తులుగ చూసే జైలు రూల్స్ రాజ్యాంగానికి విరుద్ధమన్నది. ఈ జాతులోళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్ట్ చెయ్యొద్దని పోలీసులకు చెప్పింది. ఈ తీర్పు పేరు నోట్ చేసుకోండి. స్టేషన్‌కు పోయినప్పుడు పనికొస్తది.

ఇగ లిస్టుల సంగతి. లంబాడీలు తెలంగాణల ఎస్టీ, కర్ణాటకల ఎస్సీ, మహారాష్ట్రల విముక్త జాతి. మేము ఇక్కడ ఎస్టీ, కర్ణాటకల మా కొరమ, కొరచ అన్నదమ్ములు ఎస్సీ. తెలంగాణ జిల్లాలల్ల ఎరుకలోళ్లకు, లంబాడీలకు ఎస్టీ హోదా 1976 సవరణ చట్టంతోని, 1977ల గానీ రాలేదు. గంగిరెద్దులోళ్లు, దొమ్మరోళ్లు, వడ్డెరోళ్లు ఇక్కడ బీసీ-ఏ. ఒకే తొవ్వల నడిచినోళ్లను రాష్ట్రం సరిహద్దు గీతలు ఇట్ల కోసినయి. ఇదాతే కమిషన్ ఇచ్చిన రిపోర్టుల 260కి పైగా జాతులు ఎస్సీలల్ల లేవు, ఎస్టీలల్ల లేవు, ఓబీసీలల్ల లేవు. ఏ లిస్టుల లేకుంటే ఏ స్కాలర్‌షిప్ లేదు, ఏ హాస్టల్ లేదు.

2022 ఫిబ్రవరిల కేంద్రం సీడ్ అనే స్కీం పెట్టింది. ఐదేండ్లకు 200 కోట్లు అన్నది. రేణ్కే కమిషన్ అంచనాల ఈ జాతుల జనం 10 కోట్లకు పైనే. మీరే భాగించుకోండి. తలకు ఏడాదికి నాలుగు రూపాయలు. ఒక చాయ్ రాదు. ఆ నాలుగు రూపాయలకు కూడా సర్టిఫికెట్ కావాలె. సర్టిఫికెట్‌కు అడ్రస్ కావాలె. డేరాకు అడ్రస్ ఎవరిస్తరు?

మళ్లీ గంపలు అల్లమంటున్ననా?

కొందరు అడిగిన్రు. "అన్నా, పాత వృత్తులు గొప్పవంటున్నవు, మరి మమ్మల్ని మళ్లీ గంపలు అల్లుకోమంటవా?" లేదు. మా నాయిన పందులు మేపి నన్ను చదివించింది నేను పందులు మేపాల్నని కాదు. దొమ్మరి పిల్ల గడ ఎక్కాలె, మనం చప్పట్లు కొట్టాలె, అది మన సంస్కృతి అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. పేదరికాన్ని మ్యూజియంల పెట్టే ప్రేమ మాకొద్దు.

నేనంటున్నది వేరు. వృత్తి వదిలేసే హక్కు, ఉంచుకునే హక్కు రెండూ ఆ మనిషి చేతులల్ల ఉండాలె. వెదురు అల్లే చెయ్యి డిజైన్ కాలేజీల సీటు కావాల్నంటే రావాలె. ఊర్లెనే అల్లుకుంట అంటే వెదురు సర్కారు ధరకు దొరకాలె, అమ్ముకోనీకి మార్కెట్‌ల నీడ దొరకాలె. గ్రామసభల అటవీ హక్కుల చట్టం గురించి కొట్లాడే మన తమ్ముళ్లు వెదురు మీద హక్కు అడిగేటప్పుడు, అడవి బయట ఆ వెదురు మీద బతికే మేదరి, ఎరుకల అక్కలను కూడా లెక్కల పెట్టుకోండి. అడవిల ఉన్న ఆదివాసీకి, తొవ్వ మీద ఉన్న ఆదివాసీకి ఒకే చట్టం ఒకే కాలంల చేతులు కట్టింది. విప్పుకునేటప్పుడు విడివిడిగా ఎందుకు?

మీ చేతుల అయ్యే పనులు చెప్తున్న. పెద్దవేం కావు.

ఒకటి. మీ బస్తీ దగ్గర డేరాలు ఉంటే పోయి మాట్లాడండి. పిల్లలు బడికి పోతున్నరా, ఆధార్ ఉన్నదా, కుల సర్టిఫికెట్ ఉన్నదా అడగండి. లేకుంటే మీసేవ దాకా తోడు పోండి. చదువుకున్న ఒక్క మనిషి పక్కన నిలబడితే ఆఫీసుల కుర్చీ కొద్దిగ ముందుకు జరుగుతది.

రెండు. ఇంట్ల అవ్వ, తాత ఉన్నోళ్లు ఫోన్ రికార్డర్ ఆన్ చేసి ఒక్క గంట అడగండి. ఏ తొవ్వల తిరిగిన్రు, ఏ ఊర్ల ఆగిన్రు, ఏం అమ్మిన్రు, బదులు ఏం తీసుకున్నరు. ఆ తొవ్వలు ఏ మ్యాప్‌ల లేవు. వాళ్లు పోతే పోయినట్టే.

మూడు. "ఫలానా జాతి గ్యాంగ్ దిగింది" అని మెసేజ్ వస్తే అక్కడనే ఆపండి. పంపినోనికి ఫోన్ చేసి ఆపమని చెప్పండి. పేపర్ల వస్తే ఎడిటర్‌కు లెటర్ రాయండి. చాంద్రాయణగుట్టల రాయి విసిరినోని చేతికి ముందు ఆ మెసేజే అందింది.

నాలుగు. తిట్టేటప్పుడు జాతి పేరు వాడకండి. తిట్లకు తెలుగుల కరువు లేదు.

చివరిగ ఒక మాట. మా తాతలు ఉప్పు మోసిన్రు. లంబాడీ తాతలు ధాన్యం మోసిన్రు. వాళ్లు మోసిన ఉప్పు తినని ఇల్లు ఈ దక్కన్‌ల లేదు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యొద్దని మన తెలుగోళ్లే అంటరు. ఆ లెక్కన ఈ సమాజం మాకు బాకీ ఉన్నది. ఆ బాకీ దయగా వద్దు, హక్కుగా కావాలె. నీళ్లు, గడ్డి, దారి అని మా పెద్దోళ్లు అడిగిన్రు. అడ్రస్, చదువు, గౌరవం అని మేం అడుగుతున్నం.

జై ఆదివాసీ. జై విముక్త జాతులు. జై భీమ్.